పడవలు ఆపినారంట, అక్కా

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. అందుకే ఇన్నాళ్లూ దాన్ని తప్పు అనకుండా నెట్టుకొచ్చాను. ‘ఇంతేనా?’ అని మీరూ అంటారేమో. ముందు వినండి, తర్వాత అందురుగాని.

మాది ఎమ్మిగనూరు. నేతవాళ్లం. మా అక్క పన్నెండేళ్లకే మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. నేను చదువుకుని ఆదోనిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. బావ పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. ఉన్నట్టుండి ఆమె చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి కనిపించేవాడు, కాలి పక్కనున్న గడప కనిపించేది కాదు. బజార్లోనైనా, బస్సు మెట్ల మీదైనా ఆమె చెయ్యి నా చేతిలోనే.

చెన్నైలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఉన్న చూపు కూడా కొన్ని నెలలే అన్నారు. రిపోర్టులు ఎల్లుండి ఇస్తామన్నారు. మధ్యలో ఒక రోజు ఖాళీ.

ఆసుపత్రి వరండాలో ఒక నెల్లూరు ఆవిడ అక్కకు ఒక దీవి గురించి చెప్పింది. ఊరికి ఉత్తరాన బస్సు దిగి పడవెక్కాలట. ఇటు ఉప్పు చెరువు, అటు సముద్రం, నడుమ ఇసుకేనట. లాడ్జికి వచ్చేదాకా అక్కకు అదే మాట.

“రేపు ఆడికి పోదాం పాపా. సముద్రం ఒక్కసారన్నా సూస్తా.”

“టీవీలో సూసినావు గదా.”

“టీవీలో అంచు తెలీదే. నలభై ఏండ్లు అంచులు నేసినదాన్ని. నీళ్లకు అంచు యాడ పడతాదో, ఏం రంగు పడతాదో సూడాల. మల్ల ఈ కండ్లు నాకుండవు.”

పొద్దున కనుక్కొస్తానని కిందికి దిగాను. ఎవరినీ ఏమీ అడగలేదు. టీ తాగి పైకొచ్చాను.

“పడవలు ఆపినారంట, అక్కా. గాలి ఎక్కువుందంట.”

“గాలికేం రోగం, ఈపొద్దే పుట్టల్లనా?” అని నవ్వింది. “పోనీలే. నువ్వు యాడికి తయారైనావు?”

“కాగితాలు ఈపొద్దే ఇస్తారేమో సూసొస్తా. లైను పెద్దగుంటాది. నువ్వు పండుకో.”

“తిని పో. లైన్లో కండ్లు తిరుగుతాయి.”

తిన్నాను. ఆమె విప్పి పెట్టిన పొట్లంలోని ఇడ్లీలు తిని, బస్సెక్కి, ఆ దీవికి వెళ్లాను.

ఎందుకు? డబ్బు లేకనా, ఓపిక లేకనా, పడవలో ఆమెకు ఏమైనా అవుతుందనా? ఇన్నేళ్లలో ఇవన్నీ నాకు నేనే చెప్పుకుని, నాకు నేనే కొట్టేశాను. నిజం ఇంకా నీచంగా ఉంది. ఒక్క పూట ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలనిపించింది. అంతే. నడిచాను కూడా. చెప్పులు చేతబట్టుకుని, కాలుతున్న ఇసుకలో, పిచ్చిదానిలా వేగంగా, ఎండ్రకాయలు బొరియల్లోకి పరిగెడుతుంటే నవ్వుకుంటూ నడిచాను. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. నా బతుకులో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోనులో ఒక్క ఫొటో తీయలేదు. అంటే అంతా ఆలోచించే చేశానన్నమాట.

చెన్నైలోని బీచికైనా మర్నాడు తీసుకుపోవచ్చు కదా అంటారు. పోవచ్చు. రిపోర్టులు తీసుకున్నాక, బండికి బోలెడు టైముంది. కానీ అప్పటికి నా సరదా తీరిపోయింది. ఇక నాకు తొందరేముంది? “మళ్లీ వచ్చినప్పుడు సూద్దాం” అన్నాను. మళ్లీ వెళ్లేసరికి ఆమెకు వెలుతురు ఏదో చీకటి ఏదో తెలియడం లేదు.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. టీవీలో అలల చప్పుడు వినిపిస్తే చాలు, అక్క తల అటు తిప్పి అడుగుతుంది, ఆ అంచు ఎట్లుంటాదో అని. నాకు తెలుసు. తడి ఇసుక దగ్గర తెల్లగా నురగ, దాని వెనక టీనీళ్ల రంగు, ఆపైన పాచి రంగు, ఇంకా దూరంగా నీలం. ఆ నీలానికి అంచు లేదు, మబ్బులో కలిసిపోయింది. కూర్చోబెట్టి గంటసేపు చెప్పగలను. కానీ నాకెట్లా తెలుసని చెప్పను? “నేను మాత్రం సూసినానా అక్కా?” అంటాను. దానికి ఆమె, “అవునే, నా కండ్లెంబడి తిరిగి తిరిగి నువ్వూ సూడకపోతివి పాపం” అని నా మీద జాలిపడుతుంది. నా మీద!

తర్వాతెప్పుడో చూశానని చెప్పి వర్ణించొచ్చు. అదింకో అబద్ధం. ఒకదానికే నడుము విరిగింది. పోనీ నిజమే చెప్పమంటారా? చెబితే “పోనీలే పాపా” అంటుంది. ఒక్క క్షణం కూడా పట్టదు ఆమెకు. ఆ మాటంటేనే నాకు భయం. ఆమె నుంచి అంత తీసుకున్నాను, ఇప్పుడు క్షమ కూడా ఆమె చేతుల్లోంచే లాక్కోవాలా? ఇది ఆమె చదవలేదు. ఎవరూ చదివి వినిపించరు కూడా. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను, అదీ తెలుసుకోండి.

ఆమె చూపు రాదు. నాకు నిద్రా రాదు. దీన్ని చదివి మీరు తిట్టినా పడతాను, ఎదురు చెప్పను. ఒక్క వాక్యం మాత్రం రాసి ఆపేస్తాను. ఇన్నేళ్లలో దీన్ని ఎవరి దగ్గరా నోటితో అనలేదు, కాగితం మీదా పెట్టలేదు.

నేను సముద్రం చూశాను.