ఖాళీ బ్లూ బుక్

నా భార్య మీద నాకు అసూయ పుట్టింది ఒక గురువారం సాయంత్రం, ఆరూ నలభైకి. ప్రొఫెసర్ మిడ్‌టర్మ్ పేపర్లు పంచుతున్నాడు. టైము అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆవిడ మొహం వైపు చూడలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో మాట. అరిజోనాలో చాండ్లర్‌లో ఉండేవాళ్ళం. ఊరి చుట్టూ అప్పటికింకా పత్తి చేలున్నాయి. నేను చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీర్ని. పగలంతా కళ్ళు తప్ప ఇంకేమీ కనపడకుండా తెల్ల గౌను తొడుక్కుని పనిచేయడం, సాయంత్రం యూనివర్సిటీలో మాస్టర్స్ క్లాసుకి పరిగెత్తడం. సెమిస్టరుకి ఒక్క కోర్సు. ఆ లెక్కన పట్టా చేతికొచ్చేసరికి టోపీ పెట్టుకోవడానికి తల మీద జుట్టు మిగలదని ఆవిడ నన్ను ఏడిపించేది.

మాకున్నది ఒకటే కారు, నడిపేది నేనొక్కణ్ణే. ఆవిడ ఇన్సూరెన్స్ ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేది. నేను ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆవిడని ఆఫీసు దగ్గర ఎక్కించుకుని తిన్నగా యూనివర్సిటీకి పోనిచ్చేవాణ్ణి. పార్కింగ్ లాట్‌లోనే డబ్బా విప్పుకుని పులిహోరో పెరుగన్నమో తినేవాళ్ళం. ఆ తర్వాత నేను క్లాసుకి, ఆవిడ లైబ్రరీకి. ఏడాది పాటు అలా పత్రికలు తిరగేసీ తిరగేసీ విసుగెత్తి, తనూ ఆ క్లాసులో చేరితే ఎలా ఉంటుందని అడిగింది. అప్పుడు నేను తీసుకోబోతున్నది ప్రాబబిలిటీ కోర్సు. ఆవిడ గుంటూరులో బీఎస్సీ మ్యాథ్స్ చదివింది. చేరు, తెలియనివి నేను చెబుతాగా అన్నాను. ఎంత పెద్ద మనసు నాది అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఆవిడ నన్నేమీ అడగలేదు. మూడో వారానికల్లా నేనే అడగడం మొదలుపెట్టాను, అడిగినట్టు తెలియకుండా. ఏదీ, ఈ లెక్క నువ్వెలా చేశావో చూపించు అని మేస్టారిలా మొహం పెట్టి, ఆవిడ కాగితం చూసి నేర్చుకునేవాణ్ణి.

ఆ సెమిస్టర్లోనే ప్రొఫెసర్ ఒక మాట చెప్పాడు. సెప్టెంబరు నుంచి తనకొక అసిస్టెంట్ కావాలట. ఫీజు ఉండదు, జీతం ఇస్తారు, పగటి పూట ఫుల్ టైమ్ చదువుకోవచ్చు. ఈ సాయంత్రం క్లాసులోంచే ఒకరిని తీసుకుంటాను, ఫైనల్ పరీక్ష చూసి నిర్ణయిస్తాను అన్నాడు. ఆ క్షణం నుంచి ఆ సీటు నాదే అనుకున్నాను. తెల్ల గౌను విప్పి పారేసినట్టు కలలు కన్నాను. తిరుగు దారిలో ఆవిడ తనూ అప్లై చేయనా అంది. చెయ్యి, పోయేదేముంది అన్నాను. ఆవిడకి వస్తుందని అనుకుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు.

ఇక్కడి పరీక్షల్లో జవాబులు రాయడానికి నీలం అట్ట వేసిన పల్చటి పుస్తకం ఇస్తారు. బ్లూ బుక్ అంటారు. చాలకపోతే బల్ల మీద ఇంకా ఉంటాయి, లేచి తెచ్చుకోవచ్చు. నేను పెరిగిన పరీక్ష హాళ్ళ సంగతి తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవడో వెనక బెంచీలోంచి "అడిషనల్ సార్" అన్నాడంటే హాలంతా గుండెలు జారిపోయేవి. చివర్లో ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి ఇస్తుంటే, ఎవడి కట్ట ఎంత లావుందో ఓరకంట చూసుకునేవాళ్ళం. నేను ఎప్పుడూ లావు కట్టల వాణ్ణే. మిడ్‌టర్మ్‌లో కూడా నాలుగు బ్లూ బుక్‌లు నింపాను. ఆవిడ ఒకటే రాసింది, అందులోనూ సగం తెల్లగా వదిలేసింది. పాపం అనుకున్నాను.

ఆవిడకి ఏ గ్రేడు వచ్చింది. నాకు బీ మైనస్. నా పుస్తకం అట్ట మీద ఎర్ర సిరాతో ప్రొఫెసర్ ఇలా రాశాడు: మరీ పొడుగు, జవాబు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, తెలిసిన వాళ్ళకి నాలుగు లైన్లు చాలు.

కడుపు మండిపోయింది. పైవాళ్ళెవరికో ఏ వచ్చి ఉంటే ఇంత మండేది కాదు. పొద్దున్న నాకు కాఫీ ఇచ్చి, నా పక్క సీట్లో కూర్చుని, నా కారులో వచ్చిన మనిషికి రావడం నేను ఓర్వలేకపోయాను. బీ ప్లస్ వచ్చిందని అబద్ధం చెప్పి, పుస్తకాలని కారులో పక్క సీటు ముందుండే అరలో, అదే గ్లవ్ బాక్స్‌లో, మ్యాపుల కింద దోపేశాను.

ఆవిడకి ఏ వచ్చిన సంతోషం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. దారిలో అడిగింది.

"ఇంగ్లీషు రాక కొంచెమే రాశానండీ. ఈసారికి జాలిపడి వేసుంటాడు. ఫైనల్‌లో ఎక్కువ రాయాలేమో కదా?"

ఒక్క మాటతో ఆ దిగులు తీర్చేయగలిగేవాణ్ణి. రుజువు ఆవిడ మోకాళ్ళ ముందే ఉంది.

"రాయాలి మరి," అన్నాను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఫైనల్‌లో ఒక్క పుస్తకంతో సరిపెడితే ఊరుకోరు. అడిషనల్ తీసుకో."

ఆ మాట అన్నాక హాయిగా అనిపించింది. అదీ నా సంగతి.

ఆ నడుమ ఆవిడకి డ్రైవింగ్ టెస్ట్ వచ్చింది. ఆదివారాలు నేనే సణుక్కుంటూ నేర్పాను. టెస్ట్ రోజు నేను లైసెన్సు ఆఫీసు గుమ్మం దగ్గర ఎండలో నిలబడ్డాను. టెస్ట్ పెట్టే ఆయన పక్క సీట్లో కూర్చుని ఏదో అడిగాడు, ఆవిడ వంగి గ్లవ్ బాక్స్ తెరిచింది. కారు కాగితాలు తీయడానికి చాలాసేపు పట్టింది. ఎక్కడ పెట్టానో దొరకడం లేదు కాబోలు అనుకున్నాను. పాసైంది. ఇంటికి వచ్చే దాకా పెద్దగా మాట్లాడలేదు. ఎండకి అలిసిపోయిందనుకున్నాను.

ఫైనల్ పరీక్షలో ఆవిడ నాకు రెండు వరసల ముందు కూర్చుంది. నేను ప్రొఫెసర్ చెప్పినట్టే నాలుగేసి లైన్లు రాస్తున్నాను. చేతికి అలవాటు లేక, ఆగమంటే ఆగదు. గంట గడిచాక ఆవిడ కుర్చీ కిర్రుమంది. లేచి బల్ల దాకా నడిచి, ఇంకో బ్లూ బుక్ తీసుకుని వచ్చి కూర్చుంది. నా గుండె ఎగిరి గంతేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంతోనే.

వారం తర్వాత డిపార్ట్‌మెంట్ తలుపు మీద గ్రేడ్లు అంటించారు. ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆవిడకి ఏ, నాకు బీ. కింద టైపు కొట్టిన కాగితంలో అసిస్టెంట్ పేరుంది. ఆవిడదే.

కంగ్రాట్స్ అన్నాను. కారులో కూర్చున్నాం. స్టీరింగ్ కాలిపోతుంటే పాత తువ్వాలు కప్పి తాళం తిప్పబోయాను. ఆవిడ గ్లవ్ బాక్స్ తెరిచింది. మ్యాపులు పక్కకి జరిపి, నా నాలుగు బ్లూ బుక్‌లూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎర్ర సిరా పైకి కనిపిస్తోంది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంకొకటి తీసింది.

"మీరు చెప్పారుగా, అడిషనల్ తీసుకోమని. తీసుకున్నాను. ఖాళీగానే ఉంది."

టెస్ట్ రోజు కాగితాలకి అంతసేపు ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. ఇన్ని వారాలు అన్నీ తెలిసే నాకు కాఫీ ఇచ్చింది. నాకు అప్పుడు కూడా సిగ్గు కన్నా ముందు అసూయే వచ్చింది. మనసులో పెట్టుకోవడంలో కూడా నాకన్నా ఆవిడదే పైచేయి.

"నాకెందుకలా చెప్పారో ఇందులో రాయండి," అని ఆ ఖాళీ పుస్తకం నా చేతిలో పెట్టింది. "టూకీగా."

వారం రోజులు పట్టింది. మొదట ఆరు పేజీలు రాశాను. ఫ్యాక్టరీలో నా అవస్థ, తెల్ల గౌను, ఇంటికి పెద్దవాణ్ణి కావడం, అన్నీ. చదువుకుంటే ఎక్కడా జవాబు లేదు. చించేశాను. మళ్ళీ మూడు పేజీలు. అవీ చించాను. చివరికి ఒక్క లైను రాసి ఇచ్చాను: నీకు ఎక్కువ వచ్చిందని ఓర్చుకోలేకపోయాను.

నిలబడే చదివింది. కారు దగ్గరికి వెళ్ళి, ఆ పుస్తకాన్ని గ్లవ్ బాక్స్‌లో పెట్టి వచ్చి, తాళాల కోసం చెయ్యి చాపింది. ఇక నుంచి తను నడుపుతుందట. పొద్దున్నే నన్ను ఫ్యాక్టరీ దగ్గర దింపి యూనివర్సిటీకి వెళ్తుందట. తాళాలిచ్చేశాను.

ఆవిడ డిగ్రీ అయ్యేదాకా రెండేళ్ళు పక్క సీట్లోనే కూర్చున్నాను, గ్లవ్ బాక్స్ నా మోకాళ్ళకి తగులుతూ.