లోపలి గొళ్లెం

నలభై ఆరేళ్లకు ఎం.ఆర్క్.లో చేరిన ఆడదానికి మొదటి వారంలోనే ఒక పట్టా దొరుకుతుంది: ఆంటీ. రెండో పట్టా వస్తుందో రాదో తేలడానికి రెండేళ్లు పడుతుంది.

అంతకుముందు నేను నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా ఇళ్ల ప్లాన్లు గీసి మున్సిపాలిటీ పర్మిషన్లకు పంపాను. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో పొయ్యి, ముందు రెండు షట్టర్లు. కళ్లు మూసుకుని గీయగలను. చాలాసార్లు అలాగే గీశాను కూడా. ఒక ఎండాకాలం నేను గీసిన ఇంట్లోనే గృహప్రవేశం భోజనానికి కూర్చున్నాను. పడమటి గోడ పెనంలా కాలుతోంది. పక్కన కూర్చున్నామె కొంగుతో విసురుకుంటూ, "గీ ఇల్లు గీసినోల్లను దీన్లనే పండవెట్టాలె" అంది. నేను తల వంచుకుని అప్పడం మీద శ్రద్ధ పెట్టాను. ఎవరైనా అడిగితే పై చదువుకు భూతాపం, పర్యావరణం అని పెద్ద కారణాలు చెబుతాను. నిజానికి నన్ను పంపింది ఆ అప్పడం.

హైదరాబాద్ కాలేజీలో మొదటి ఏడాది అర్బన్ డిజైన్‌కు నల్లగొండ బస్టాండ్ రోడ్డు తీసుకున్నాను. రెండు వైపులా వేప చెట్లు, నీడలో బల్లలు, నడిచేవాళ్లకు వేరే దారి. కాగితం మీద చల్లగా ఉండింది. చూడడానికి వచ్చిన బయటి కాలేజీ ఆయన ఒక్కటే అడిగాడు: "మీరు ఆ రోడ్డు మీద చివరిసారి ఎప్పుడు నడిచారు మేడం?" నేను స్కూటీ దిగని మనిషిని. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ పావుగంట వాదించాను. వాదనలో నేను గెలిచాననే ఇప్పటికీ నా నమ్మకం. మార్కులు మాత్రం ఆయన చేతిలో ఉండినాయి.

రెండో ఏడాది థీసిస్‌కు మా చిన్నమ్మ ఇల్లు దొరికింది. చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. మర్రిగూడ పక్క ఊరు. ఆ ఇంట్లో గొర్లున్నాయి, పత్తి చేను ఉంది. ఒక వానకాలం పాత మట్టింటి వెనక గోడ కూలింది. చిన్నమ్మ కొడుకు కొత్త ఇల్లు కడతానన్నాడు. "నాలుగు పిల్లర్లు, మీద స్లాబు. అయిపాయె గదక్కా" అన్నాడు. ఫోన్లోనే వాడికి గంటసేపు పాఠం చెప్పాను. మట్టి ఇటుకలు, పడమటికి మందం గోడ, వేడి గాలి పైకిపోయే దారి, వాడిన నీళ్లు చెట్లకు పారే ఏర్పాటు. చివరికి వాడు, "నీ ఇష్టమక్కా, గొర్లను ఇడువాలె, ఉంట" అని పెట్టేశాడు. ఇంటి యజమాని ఒప్పుకున్నాడని థీసిస్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయి. అవి రాకముందు, పెళ్లై వచ్చిన నాటి నుంచి తాగిన బోరింగు నీళ్లు చిన్నమ్మ ఎముకల్లో ఉండిపోయాయి. మోకాళ్లు వంగవు. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కట్టె పట్టుకుని చదును నేల మీద నడుస్తుంది, అంతే. బాత్రూమ్ పెరట్లో ఉంది, ఒక మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు కోసం కోడలు పట్టుకోవాలి. ఎక్కించాక లోపల కూర్చోబెట్టాలి. తరువాత తలుపు బార్లా తీసి ఉంచి, అటు తిరిగి చెయ్యి వెనక్కి చాపి నిలబడాలి. నేను వెళ్లిన మొదటి రోజే ఇదంతా చూశాను. అటువైపు వెళ్లకూడదని మర్యాదగా తల తిప్పుకున్నాను. తల తిప్పుకున్నది అక్కడితో ఆగలేదని చాలా రోజుల తరువాత తెలిసింది.

నా దగ్గర నాలుగు పేజీల ప్రశ్నల కాగితం ఉంది. చిన్నమ్మను నులక మంచం మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, కొత్తింట్ల నీకేం కావాలె?"

"నాకేం కావాలె బిడ్డా. బాత్రూమ్‌కు లోపల గొళ్లెం పెట్టియ్యి."

"అది ఎవలైనా పెడ్తరు. ఇంకేం కావాలె జెప్పు. గాలి, ఎలుతురు, వాకిలి..."

"గాలి బయట మస్తున్నది. గొళ్లెం పెట్టియ్యి."

ఇంకో మూడు పేజీలు అడిగాను. మూడు పేజీలకూ అదే జవాబు. కాలేజీకి వచ్చి గళ్లు గీసి, ఆ జవాబును శాస్త్రీయ భాషలోకి మార్చాను: "భద్రత పట్ల ఆందోళన: అధికం." దానికి పరిష్కారంగా వీధి తలుపుకు రెండు గడియలు, కాంపౌండ్ గోడకు అడుగు ఎత్తు పెంచాను. గొర్ల ఇంట్లో రెండు కుక్కలుంటాయి, దొంగ దరిదాపుకు రాడు. అది కూడా నాకు తెలుసు.

ఇల్లు మాత్రం చక్కగా కుదిరింది. నా గైడ్ నాకన్నా పదేళ్లు చిన్నవాడు, తొందరగా మెచ్చుకునే రకం కాదు. ఆయన కూడా ఆ డ్రాయింగు ముందు ఆగి నిలబడ్డాడు. వరండా నుంచి మూడు మెట్లు దిగితే నడిమి వాకిలి, వాన నీళ్లన్నీ అందులో చేరతాయి. అక్కడి నుంచి నాలుగు మెట్లు ఎక్కితే బాత్రూమ్. అది ఎత్తులో ఉండాలి, ఎందుకంటే వాడిన నీళ్లు ఏ మోటారూ లేకుండా మునగ చెట్టుకూ కరివేపాకుకూ వాటంతట అవే పారాలి. వంటిల్లు, వెనక గది కలిపి మొత్తం అయిదు ఎత్తులు. "మేడం, ఈ అయిదు లెవెల్సే మీ థీసిస్" అన్నాడు గైడ్. అదే థీసిస్‌లో రెండో అధ్యాయం భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద. మండలాన్ని ఎర్ర రంగులో ముంచి మ్యాపు పెట్టాను. నీళ్లు తమంతట తాము పోవడానికి ఇన్ని ఏర్పాట్లు చేసిన నేను చిన్నమ్మ తనంతట తాను పోవడానికి ఒక్కటీ చేయలేదు. ఆ మ్యాపుకూ ఆ మెట్లకూ మధ్య ముప్పై పేజీలున్నాయి. రెండూ ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

మా వైపు పునాది తీసే ముందు ముగ్గు పోస్తారు. మేస్త్రి మేకులు కొట్టి, దారం లాగి, దారం వెంట తెల్లటి పొడి పోస్తూ పోతే ఇల్లు మొత్తం అసలు కొలతలతో నేల మీద పడుతుంది. తలుపు ఉన్నచోట గీత తెగుతుంది. ఊరి వాళ్లు ప్లాన్ కాగితం చూడరు. ముగ్గులో నడిచి చూస్తారు. నేను గీసిన వందల ఇళ్లలో ఎవరూ నా కళ్ల ముందు అలా నడవలేదు, ఎందుకంటే ముగ్గు పోసే రోజు నేను ఎన్నడూ వెళ్లలేదు.

ఈసారి ఫోటోల కోసం వెళ్లాను. ఎత్తులు ఫోటోలో తెలియాలని మెట్టుకొక వరస చొప్పున ఇటుకలు పేర్పించాను. మేస్త్రి పేరుస్తూనే, "మేడం, ఇల్లా? గుట్టా?" అన్నాడు. అతని మాటను పట్టించుకోలేదు. కొబ్బరికాయ కొట్టాక కోడలు టీ గ్లాసులతో నేరుగా నా దగ్గరికి నడిచొచ్చింది.

"ఏందే, గోడలకెళ్లి వస్తున్నవు?" అని చిన్నమ్మ గద్దించింది. "దర్వాజ అటున్నది గద."

కోడలు నవ్వుకుంటూ వెనక్కి పోయి, గీత తెగిన చోటు నుంచి లోపలికి వచ్చింది. చిన్నమ్మ కూడా కట్టె ఊతంతో అదే దర్వాజ నుంచి వచ్చింది.

"నా మంచమేడ?"

చూపించాను. అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుంది. కొంచెం సేపు అటూ ఇటూ మనిషి మొత్తం తిరిగి చూసింది. తరువాత లేచింది.

"ఇగ పొద్దుగాల అయ్యింది. నేను లేచిన. బాత్రూమేడ?"

"అగో, వాకిలి దాటినంక."

గీతల మధ్య నడిచి మొదటి ఇటుకల దగ్గర ఆగింది. కట్టెతో తట్టింది.

"గిదేంది?"

"మెట్టు చిన్నమ్మా."

"ఎక్కేదా, దిగేదా?"

"దిగేటియి. మూడు."

"మల్ల?"

"మల్ల ఎక్కేటియి. నాలుగు."

చిన్నమ్మ మేస్త్రి వైపు తిరిగింది. మేస్త్రి చేతుల ముగ్గు దులుపుకున్నాడు. "నాకేం ఎరుకవ్వా. మేడం గీసింది కట్టుడే నా పని."

నేను మొదలుపెట్టాను. నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి ఎలా పారతాయో, కరెంటు ఎంత మిగులుతుందో, మునగ చెట్టు ఎంత పెరుగుతుందో చెప్పాను. చిన్నమ్మ అంతా విన్నది.

"నీళ్లయితే మంచిగ పోతయి బిడ్డా. నేనెట్ల పోవాలె?"

అప్పుడు నేనొక మాట అన్నాను. వెనక్కి తీసుకోగలిగితే డిగ్రీ ఇచ్చేసైనా తీసుకుంటాను.

"పట్టుకోనికి కోడలుంటది గద చిన్నమ్మా."

కోడలు టీ గ్లాసులోకి చూసింది.

"కోడలు తలుపుల నిలవడితె," అంది చిన్నమ్మ, "గొళ్లెం ఎట్ల పెట్టుకోవాలె?"

నాలుగు పేజీల ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక నోరు మూసుకోవాలి. నేను మూసుకోను, అది నాకు చేతకాదు. "ర్యాంపు పెడత" అన్నాను. ఆ ఎత్తుకు పుస్తకం ప్రకారం ఎంత పొడుగు కావాలో మేస్త్రికి చెప్పాను. అతను టేపు పట్టుకుని నడిచాడు. వాకిలి దాటాడు, ప్రహరీ దాటాడు, గొర్ల దొడ్డి దగ్గర ఆగి అరిచాడు: "మేడం, బాత్రూమ్ దొడ్ల వడ్డది. పర్వాలేదా?"

కోడలు నవ్వింది. చిన్నమ్మ నవ్వింది. కాసేపటికి, వేరే దారి లేక, నేనూ నవ్వాను. "మరి చెట్లకు నీళ్లెట్ల పోతయి?" అని ఆఖరి వాదన తీశాను. మేస్త్రి నా ముఖం చూసి, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఇల్లు లేపుడెందుకు మేడం? చెట్ల దిక్కు మట్టి తవ్వితె పల్లమైతది గద."

ఒక సెమిస్టర్ మొత్తం నేను ఆలోచించిన సమస్య అది.

మేస్త్రి పొరకతో ముగ్గంతా ఊడ్చేశాడు. ఇటుకలు కుప్పకు పోయాయి. ఇల్లంతా ఒకే ఎత్తు, బాత్రూమ్‌లో కుర్చీ ఎత్తు సీటు అన్నాం. రెండోసారి అతను నా కాగితం తెరవలేదు. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి నడిచింది, అతను వెనక నడిచాడు. ఆమె చెయ్యి ఎక్కడ ఆసరా వెతికితే అక్కడ పొడి పోశాడు. మంచం నుంచి బాత్రూమ్‌కు పోయే దారి సన్నగా వచ్చింది, రెండు చేతులకు రెండు గోడలు అందేటంత.

"ఇంత ఇరుకు పనికిరాదు, పుస్తకంల ఇంకా ఎడల్పుండాలె" అన్నాను.

"ఆ పుస్తకంల ఉన్నామె ఎవలో మేడం," అన్నాడు మేస్త్రి, "గీమె గాదు."

గోడలు లేకుండా చెయ్యి ఆనించి చూసేదెట్లా? కోడలిని ఒక గీత మీద, నన్ను ఇంకో గీత మీద నిలబెట్టారు. చిన్నమ్మ నా భుజం మీద ఒక చెయ్యి, కోడలి భుజం మీద ఒక చెయ్యి వేసింది. నేను సాయం చేద్దామని ఆమెతో పాటు ఒక అడుగు వేశాను.

"గోడలు నడుస్తయా?" అంది చిన్నమ్మ. "నిలవడు."

నిలబడ్డాను. ఆ ఇంటి నిర్మాణంలో నాకు అప్పజెప్పిన పని అదొక్కటే, దాన్ని సరిగ్గా చేశాననే అనుకుంటాను. ఆమె మమ్మల్ని దాటి బాత్రూమ్ గీతల్లోకి ఒక్కతే పోయింది. తిరిగి మా వైపు చూసింది.

"అటు మల్లుండ్రి."

ముగ్గురం అటు తిరిగాం. మేస్త్రి చేతిలో ముగ్గు డబ్బాతో, కోడలు ఖాళీ గ్లాసులతో, నేను కెమెరాతో. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. దొడ్లో ఒక గొర్రె అరిచింది. చాలాసేపు అలాగే నిలబడ్డాం. కోడలు చెయ్యి అలవాటుగా వెనక్కి చాచి, మళ్లీ తీసేసుకుంది.

"ఇగ సూడుండ్రి" అంది చిన్నమ్మ.

"గొళ్లెం ఎంత ఎత్తుల పెట్టాలెనవ్వా?" అని మేస్త్రి అడిగాడు. ఆమె చెయ్యి పైకెత్తింది. అది ఛాతీ దాకా వచ్చి ఆగింది. మేస్త్రి ఆ ఎత్తును ఆమె చేతి కట్టె మీదే సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు.

కాలేజీలో అయిదు ఎత్తులూ పోయిన డ్రాయింగు చూసి గైడ్ దాని కింద ఇంకో కాగితం ఉందేమోనని ఎత్తి చూశాడు. "మీ థీసిస్ ఏది మేడం?" అన్నాడు చివరికి. మూడు నెలలు ఆ మెట్ల గొప్ప ఆయనకు చెప్పిన నేను, ఇప్పుడు మెట్లు వద్దని అంతకన్నా గట్టిగా వాదించాను. పాపం, ఆయనకు రెండుసార్లూ గొంతు నాదే వినిపించింది. ఆఖరి రోజు ఒక పరీక్షకుడు "మీ కాన్సెప్ట్ ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు. "గొళ్లెం" అన్నాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, కానీ నా ముఖం ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించలేదు. బొటాబొటిగా పాసయ్యాను.

ఇల్లు కట్టిన తరువాతి ఎండాకాలం, గదుల్లో వేడి కొలవాలని థర్మామీటరు పట్టుకుని మిట్టమధ్యాహ్నం వెళ్లాను. పడమటి గోడ మీద చెయ్యి వేసి చూశాను. కాలలేదు. ఆ అప్పడం నాటి ఆమె పక్కన ఉంటే బాగుండు అనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు. కోడలు చేనుకు పోయినట్టుంది. కుర్చీ ఖాళీ, మంచం ఖాళీ.

"చిన్నమ్మా" అన్నాను. జవాబు లేదు. ఆ సన్నటి దారిలో రెండు మోచేతులూ గోడలకు కొట్టుకుంటూ పరుగెత్తాను. గోడల మీద చెయ్యి ఆనినంత మేర మట్టి నున్నగా అరిగి ఉంది. బాత్రూమ్ తలుపు నెట్టాను. రాలేదు. మళ్లీ నెట్టాను.

"ఎవలే అది?"

"నేనే చిన్నమ్మా. పిలిస్తె పలుకుతలేవు, పడ్డవేమో అనుకున్న."

"పడుడెందుకు, గోడలున్నయి గద."

"తియ్యి మరి."

"లోపలున్న గదనే, ఆగరాదు. పోయి నీ గాలి సూసుకో పో."

వాదించడానికి నోరు తెరిచాను. తలుపుకు అటువైపు గొళ్లెం ఉంది. పోయి గాలి చూసుకున్నాను.