పడవలో వేడినీళ్ళ డ్రమ్ము

కృష్ణలో ఆవిరి పడవ నడిచేదంటే మా మనవలు నమ్మరు. నడిచింది. గద్వాల వైపు రేవు నుంచి వనపర్తి వైపు రేవుకు మనుషుల్నీ, వేరుశనగ బస్తాల్నీ దాటించే చిన్న పడవ అది. దాని ఇంజను పని నాది. రాయచూరు పత్తి మిల్లులో ఆ పని నేర్చుకున్నాను. పడవ యజమానిని అందరూ దొర అనేవాళ్ళు. నేనూ అన్నాను. ఆయన ఎంతటి దొరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. బొగ్గు దొరకక తుమ్మ కట్టెలు కాల్చేవాళ్ళం. కట్టెలు తరిగినప్పుడల్లా తిట్లు నాకే. ఇంజను తిప్పాక మిగిలిన ఆవిరి గొట్టంలోంచి బుస్సుమంటూ గాలిలో కలిసిపోయేది. అంత వేడి ఊరికే పోతుంటే చూడలేకపోయాను. ఆ గొట్టాన్ని ఇనుప డ్రమ్ములోంచి చుట్టలుగా తిప్పి బయటికి తీశాను. డ్రమ్ము నిండా ఏటి నీళ్ళు పోశాను. గొట్టం వేడికి ఆ నీళ్ళు కాగేవి. పంపు వాటినే బాయిలరులోకి తోడేది. చన్నీళ్ళ బదులు వేడినీళ్ళు పోతుండడంతో కట్టెలు కలిసొచ్చాయి. డ్రమ్ముకు మూత లేకపోతే మా అమ్మ ఇత్తడి తాంబాళం తెచ్చి బోర్లించాను.

దొర అది చూసి, "పొగను గూడ మూట గట్టుకునేటట్టున్నడు ఈడు!" అన్నాడు. రేవంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ వానాకాలం ఏరు నిండుగా పారుతున్న ఒక పొద్దున, దొర కూతురు పుట్టింట పురుడు పోసుకుని, పసిబిడ్డతో అవతలి ఒడ్డున ఉన్న అత్తగారింటికి బయలుదేరింది. తల్లీతండ్రీ వెంట ఉన్నారు. వాళ్ళ ఊరు గట్టు నుంచి బండిలో వచ్చారు. అప్పటికే నేను ఒక విడత జనాన్ని దాటించి వచ్చి, డ్రమ్ము నిండా కాగిన నీళ్ళు వదిలి, కట్టెల కోసం ఒడ్డెక్కాను. తిరిగి వచ్చేసరికి అందరూ పడవలో కూర్చుని ఉన్నారు. బాయిలరులో నీటి మట్టం చూపే గాజు గొట్టంలో నీళ్ళు సరిగ్గానే కనిపించాయి. బయలుదేరాం.

నడి ఏట్లో పంపు చప్పుడు మారింది. ఉత్త గాలి పీలుస్తున్నట్టు గురగురమంది. డ్రమ్ము వైపు తిరిగాను. తాంబాళం అంచున పసుపు వేళ్ళ గుర్తులు. మూత ఎత్తితే అడుగున గొట్టం చుట్టలు తప్ప చుక్క నీరు లేదు. గాజు గొట్టం చూశాను. అందులోనూ లేదు.

"నీళ్ళు ఎవరు తోడిండ్రు?" అని అరిచాను.

"నేనేనయ్యా," అంది దొరసాని. "చీర అడ్డం గట్టి బాలింతకు తానం చేపిచ్చిన, పసిదానికింత పోసిన. ఊరికె కాగుతున్నయి గద, పారబోసే నీళ్ళే అనుకున్న."

దొర అప్పటికే బకెట్టు ఏట్లో ముంచాడు. "సుట్టూ ఏరు పెట్టుకొని గట్ల నిలబడ్డవేందిరా? డ్రమ్ముల నీళ్ళు పొయ్!"

"వద్దు దొర! బాయిలరు లోపల కాలిపోయి ఉంటది. ఇప్పుడు నీళ్ళు తగిల్తె పగుల్తది. అందరం పోతం!"

"నాకే చెప్తవా?" అంటూ మీదికి వచ్చాడు. బకెట్టు లాగి ఏట్లోకి విసిరాను. పంపు కట్టేశాను. పారతో పొయ్యిలోని నిప్పులన్నీ లాగి నీళ్ళలోకి గుమ్మరించాను. ఆ చుయ్‌చుయ్ శబ్దానికి పసిబిడ్డ లేచి కెవ్వుమంది. అప్పుడు గాని చూడలేదు. బాయిలరుకు జానెడు దూరంలో ఆ బిడ్డను పడుకోబెట్టారు.

పడవ ప్రవాహానికి కొట్టుకుపోయింది. గుండ్రటి తోలు పడవల పుట్టివాళ్ళు తెడ్లు వేసుకుంటూ వచ్చి తాళ్ళు కట్టారు. "ఏందన్నా, పొగ పడవ సల్లారెనా? మా తోలు పుట్టే దిక్కాయెనా?" అని నవ్వుతూనే ఒడ్డుకు లాగారు.

ఒడ్డున కాలు పెట్టగానే దొర నా వైపు తిరిగాడు. "నువ్వు గా డ్రమ్ము పెట్టకుంటే ఆమె నీళ్ళు తోడేదా? రేపటి సంది రాకు."

ఖాళీ గాజు గొట్టం చూసి ఎంత అదిరానో, ఆ మాటకు అంతకంటే ఎక్కువ అదిరాను.

వానలు వెనకబట్టాక గట్టులో ఆయన ఇంటికి వెళ్ళాను. పెరట్లో మూడు రాళ్ళ మీద నా డ్రమ్ము! కింద మంట, పైన మా అమ్మ తాంబాళం.

"మంచి డ్రమ్మయ్యా, పెద్దది. ఇంటిల్లిపాదికి తానాలకు సరిపోతయి నీళ్ళు," అంది దొరసాని ఆప్యాయంగా.

అరుగు మీద దొర కూర్చుని ఉన్నాడు. "దొర, ఆ దినం తప్పు నాది కాదని ఒక్క మాట అనుండ్రి. నౌకరీ అడుగుతలేను," అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

తలగుడ్డ విప్పి, కాలుతున్న తాంబాళాన్ని దాంతో పట్టుకుని ఎత్తాను. "ఇది మా అమ్మది," అని దొరసానికి చెప్పి బయటికి నడిచాను. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పండుగనాడైనా సరే, దాని అంచుకు పసుపు రాయనివ్వను.