ముందుగది గోడ

మా అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని బొగ్గుగని వైపు ఒక్క చూపు చూస్తే, పేలాల్సిన మందు కూడా భయపడి తుస్సుమనేదట. ఆమె ఎదురొస్తే మేనేజరు జీపును వెనక్కి నడుపుకుంటూ ఇంటిదాకా పోయేవాడట. ఎవరన్నారని అడక్కండి. మనవరాలి మాటకు సాక్షులెందుకు?

నిజానికి ఆమె ఎత్తు తలుపు గొళ్ళేనికి కాస్త పైన, అంతే. పని గని ల్యాంపు గదిలో. కిందికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన మనిషికి ఏదీ చూసీ చూడనట్టు వదిలేయడం చేతకాదు.

పాత గని చాలక, కంపెనీ ఆ పక్కనే భూమిని పైనుంచి విప్పి తవ్వడం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం సైరన్, వెంటనే పేలుడు. అరల్లో గిన్నెలు గలగలా మాట్లాడుకునేవి. కార్మికుల వరసలో ముప్పై రెండు ఇళ్ళు. అన్నిటికీ గోడలు బీటలిచ్చాయి. నోరెత్తితే ఉద్యోగానికే ముప్పని మగవాళ్ళు నేలచూపులు చూశారు. తాత అయితే "మనకెందుకొచ్చిన గొడవ" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"గొడవ మనింటి గోడలోంచే వస్తోందయ్యా" అని అమ్మమ్మ ఆ పేపరే లాక్కుని సన్నగా చీల్చేసింది.

గని లోపల పైకప్పు బీట ఇస్తే దానికి అడ్డంగా కాగితం అంటిస్తారని తాతే ఒకప్పుడు చెప్పాడు. కాగితం చిరిగిందంటే కప్పు కదులుతోందని అర్థం. ఆ పద్ధతిని ఆమె పైకి తెచ్చింది. మైదా బంకతో ప్రతి ఇంటి బీటకూ ఒక పేపరు ముక్క అంటించి, పెన్సిలుతో తేదీ వేసింది. చిరిగినప్పుడల్లా పక్కన కొత్తది. అలా తొమ్మిది నెలలు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళందరి చేతా ఒకటే ఒట్టు వేయించుకుంది: తనిఖీ జరిగేదాకా ఎవరూ గోడ పూడ్చకూడదు.

ఎదురింటి కుట్టుపనామె అంటే అమ్మమ్మకు ప్రాణం. ఇద్దరూ ఒకే ఏడు ఆ వరసలోకి కాపురానికొచ్చారు.

"అక్కా, నా ముందుగది బీటలోంచి పక్కింటివాళ్ళ టీవీ కనబడుతోంది. మొన్న మధ్యలో ఆపేస్తే నేనే లేచెళ్ళి మళ్ళీ పెట్టించాను."

"చూడవే, ఊరికే వచ్చిన సినిమా. పూడ్చావంటే మాత్రం నీ మొహం చూడను."

వచ్చిన చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారు. అయినా ముప్పై రెండు ఇళ్ళూ ఓర్చుకున్నాయి. అర్జీ మీద అర్జీ వెళ్ళాక, గోడలు చూడ్డానికి ముగ్గురు అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. బీటలున్నాయని వాళ్ళు రాస్తే చాలు, పేలుళ్ళయినా ఆగాలి, లేదా కంపెనీ వేరేచోట ఇళ్ళయినా ఇవ్వాలి.

ముందురోజు పొద్దున అమ్మమ్మ వాళ్ళ కోసం ముందుగదిలో కుర్చీలు వేసింది. కుర్చీల వెనక గోడ. బీటలు, చిరిగిన కాగితాలు, బంక మరకలు. రోజూ చూసే గోడే, ఆ పూట పరాయివాళ్ళ కళ్ళతో చూసింది. పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు. ఇల్లాలు ఒట్టి సోమరిపోతు అనుకోరూ? వెనక గదుల్లో సాక్ష్యం బోలెడుంది. ఈ ఒక్క గోడే కదా!

బక్కెట్లో సిమెంటు, సున్నం కలిపి తాపీ పట్టింది.

కుట్టుపనామె గుమ్మంలోంచి తొంగిచూసింది. "అక్కా! పూడ్చెయ్యొచ్చా?"

"వద్దే" అంటే సరిపోయేది. అమ్మమ్మ మాత్రం దొరికిపోయిన దొంగలా నవ్వింది. "వచ్చినవాళ్ళు కూర్చునే గదేగా. ముందుగది ఒక్కటి."

ఆ మాట వరస చివరికి చేరడానికి టీ మరిగేంతసేపు కూడా పట్టలేదు. తొమ్మిది నెలలు దిగమింగిన సిగ్గు ఎవరికి మాత్రం ఉండదు? సాయంత్రానికి ముప్పై రెండు ముందుగదులూ తెల్లగా మెరిశాయి.

అధికారులు మర్యాదస్తులు. ప్రతి ఇంట్లోనూ ముందుగదిలోనే కూర్చుని, గోడలు చూసి, టీ తాగి లేచారు. అమ్మమ్మ పెద్దాయన్ని చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి వెనక గదికి తీసుకెళ్ళింది.

"వంటగది కదమ్మా, వేడికి పగిలుంటుంది. మీ ముందుగది చూడండి, ఎంత బాగుందో."

"అది నిన్న నేను పూడ్చానండీ!"

"పూడిస్తే పోయే బీటలేగా మరి" అని ఆయన నవ్వి, నివాసానికి ఢోకా లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం, సైరన్ మోగి పేలుడు కాగానే, కుట్టుపనామె ముందుగది గోడ కూలింది. సున్నం కింద బీట ఎంత వెడల్పయిందో ఎవరికీ కనబడలేదు. చిరిగి చెప్పడానికి కాగితం ముక్క కూడా లేదక్కడ. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి మూడు వేళ్ళు దక్కలేదు.

అప్పుడుగానీ కంపెనీ వరసనంతా కొత్త ఇళ్ళకు మార్చలేదు. అంతా అమ్మమ్మ చలవే అని ఇప్పటికీ అందరూ అంటారు. సభల్లో మాట్లాడమని పిలుస్తారు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకుంటుంది. పచ్చి అబద్ధం. రోజూ ఆ మోకాళ్ళతోనే రెండు వీధులు దాటి కుట్టుపనామె ఇంటికి పోతుంది. ఆమె ఎడమచేత్తో బట్ట తోస్తూ మిషను తొక్కుతుంది, అమ్మమ్మ గుండీలు కుడుతుంది. వంకరగా.

"అక్కా, ఈ చొక్కా తొడుక్కున్నవాడు మెడ పక్కకి వాల్చి నడవాలి."

"నడవనీ. నీకు గిరాకీ తగ్గితే నాకు గుండీలు తగ్గుతాయి."

ఇన్నేళ్ళలో కుట్టుపనామె ఒక్కసారీ ఆ గోడ మాట ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టేస్తే బాగుండునని అమ్మమ్మ కాచుకుని ఉంటుంది. ఒకరోజు ఉండబట్టలేక తనే అంది, "ఆ పూట నేను వద్దనాల్సిందే."

కుట్టుపనామె దారాన్ని పళ్ళతో తెంపి, "ఆ సూది ఇలా ఇవ్వు" అంది.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. చివర్లో నా సొంత తెలివితో, "అందరూ ఇష్టపడే పూడ్చుకున్నారు, ఇందులో మా అమ్మమ్మ తప్పు రవ్వంత కూడా లేదు" అని ఒక వాక్యం తగిలించాను.

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని నన్నోసారి చూసింది.

"ఆ ముక్క కొట్టెయ్. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయిగా, కూర్చుని కబుర్లు రాసే బదులు పోయి దాని గుండీలు కుట్టిరా."