లైనింగు వేసిన ఎర

సముద్రంలో తిరిగే ట్యూనా చేపలన్నీ మా తాత వస్తున్నాడని తెలిసి, కొలతలిచ్చుకోడానికి వరుసలో నిలబడ్డాయి. గాలం పట్టడంలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు, పుట్టబోడు. అయితే అప్పటిదాకా ఆయన నీళ్ళలోంచి పట్టింది ఒక్కటే, స్నానాలగదిలో చేజారిన సబ్బు.

తాత దర్జీ. నానమ్మ తమ్ముడికి మోటారు పడవ ఉంది. "మా బావ గుండీ కన్నా బరువైనది ఎత్తి ఎరగడు" అని ఆ బావమరిది పెళ్ళినాటి నుంచీ ఎగతాళి. ఒకరోజు భోజనాల దగ్గర తాతకి రోషం వచ్చి, "తీసుకెళ్ళరా, చూపిస్తా" అన్నాడు.

"ఆదివారం రా బావా. ఎర మాత్రం నువ్వే తెచ్చుకో. దానికి ఒక్క ట్యూనా అయినా పడాలి. పడలేదో, మళ్ళీ నా పడవ ఊసెత్తకు."

ఇన్నేళ్ళూ గోడకేసి చూస్తూ మిషను తొక్కిన మనిషికి సముద్రమంటే ఎంత మోజో నానమ్మకొక్కదానికే తెలుసు. ఒక్కసారి వెళ్ళొస్తే తీరేది కాదది.

గాలాల దుకాణంలో అమ్మే ఆవిడ రబ్బరు ఎరలు ముందు పెట్టింది. గట్టి తలకాయ, కింద రంగురంగుల పోగులు. పడవ వెనక లాగితే చిన్న చేప పారిపోతున్నట్టు కనిపిస్తుందట. తాత కళ్ళజోడు పెట్టుకుని ఒకదాన్ని తిరగేసి చూశాడు.

"అంచు మడవలేదేం?"

"ఇదేమన్నా పరికిణీయా అండీ?"

"ఏదైతేనేం, పని పనే కదా! దీన్ని కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి."

"కుట్టరండీ, అచ్చులో పోస్తారు."

"అదీ సంగతి. అందుకే ఇలా ఏడ్చింది."

ఆవిడ ఓపిగ్గా, బతికున్న చిన్న చేపలైతే ఇంకా మేలు, పొద్దున్నే రేవులో అమ్ముతారని చెప్పింది. తాత ముక్కు మూసుకున్నాడు. "చేపకి చేపని పెట్టడానికి నేనెందుకమ్మా?"

ఇంటికొచ్చి వెండిరంగు శాటిన్‌తో తనే ఒక ఎర కుట్టాడు. కుచ్చిళ్ళు పెట్టి, లైనింగు వేసి, అంచుకి పీకో కూడా చేశాడు.

"చేప దీన్ని తింటుందా, కట్టుకుంటుందా?" అంది నానమ్మ. "నా జాకెట్టు ఆర్నెల్లుగా ఆ మూల ఏడుస్తోంది. దానికి లేదు ఈ భాగ్యం."

"ట్యూనా మీ తమ్ముడిలా ఏది పడితే అది మింగదు. చూసి కొరుకుతుంది."

నానమ్మ ఆదివారం పొద్దున తనే రేవుదాకా వచ్చి, చిన్న చేపలు కొని బకెట్టులో పోసి ఆయన చేతికి తగిలించింది. తాత దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని పడవెక్కాడు.

ఒడ్డు కనుమరుగయ్యాక శాటిన్ ఎర నీళ్ళలోకి దిగింది. లైనింగులో నీళ్ళు చేరి బుడగలా ఉబ్బి, గిరగిరా తిరిగి గాలపు తాడంతా మెలిపెట్టేసింది.

"చేపలకి గొడుగు తెచ్చావా బావా?" అని బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

తాత బకెట్టు వైపు చూశాడు. బావమరిది ఉపకారం చేస్తున్నట్టు ఒక చేపని పిడికిట్లో బిగించి గాలం గుచ్చాడు. అది అక్కడికక్కడే కన్నుమూసింది.

"మనిషివా, రోకలివా? ఇలా తే!"

పట్టుబట్ట మీద కాజాలు కుట్టిన చేతులు అవి. చెయ్యి తడిపి మరో చేపని మెత్తగా పట్టుకుని, ముక్కు దగ్గర పల్చటి చోట గాలం దూర్చాడు. అది ఏమీ జరగనట్టే ఈదుకుంటూ పోయింది. తాత ముఖం మాత్రం మురిక్కాలవలో చెయ్యి పెట్టినట్టుంది.

కాసేపటికి గాలపు కర్ర వంగింది. బావా బావమరుదులు ఒకరినొకరు తిట్టుకుంటూ లాగారు. తాత వెల్లకిలా పడ్డాడు, ఆయన పొట్టమీద ట్యూనా పడింది.

"ఇది చెల్లదు బావా. ఎర మా అక్క కొన్నది."

"మీ అక్క నా పెళ్ళామే కదరా!"

"చేప కొరికింది ఎరని, మీ పెళ్ళిని కాదు."

ఆ తగువు ఇంటి గుమ్మందాకా వచ్చింది. కొన్నది తను కాబట్టి చేప తనదేనని నానమ్మ తీర్పు చెప్పి, ఇద్దర్నీ కొయ్యడానికి కూర్చోబెట్టింది. బావమరిది కత్తి నూరుతూ, "వచ్చే ఆదివారం ఆ బకెట్టు నువ్వే మోసుకురా" అన్నాడు.

తను రాసిన ఇదంతా తాతకి చదివి వినిపించి మనవరాలు అడిగింది: "అయితే తాతా, ఎర గుచ్చే కూలీగా వెళ్తున్నావని రాసుకోనా?"

"కూలీ అని రాయి, దొర అని రాయి. నేను వెళ్తున్నాను. నువ్వు పక్కకి జరుగు, మిషను మీద పడే వెలుతురుకి అడ్డం."