తర్వాత చూద్దామన్నాను

వినుకొండ బస్సు భోజనానికి ఆగిన రెస్టారెంటులో, పక్క సీటాయనా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. సర్వరు మద్యం మెనూ కార్డు పెట్టాడు. ఆయన దాన్ని బోర్లించాడు.

"మానేసి ఐదు నెలలైందండి మాస్టారూ. మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పా. మీరే వద్దనండి, నా నోట రాదు."

అలవాటైన మర్యాదతో సర్వరుతో, "తర్వాత చూద్దాం," అన్నాను.

అన్నం సగంలో ఉండగా అతను మళ్లీ వచ్చాడు. "ఇప్పుడు చెప్పండి సార్. చల్లటి బీరుంది."

ఆయన కార్డు తిరగేసి చదవసాగాడు.

"వద్దు నాయనా," అన్నాను సర్వరుతో.

"ఒక్కటేనండి," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

బస్సు హారన్ కొట్టింది. ఆయన లేవలేదు.

ఆ రోజు డైరీలో బస్సు వేళలు, తిన్న కూరలు అన్నీ ఉన్నాయి. నేను సర్వరుతో మొదట అన్న మాట మాత్రం లేదు.