మా మునిరత్నం అన్న పోలీసు ఎందుకు కాలేదంటే

నిన్న పొద్దున చిత్తూరు నుంచి మా అన్న కొడుకు ఫోన్. "అత్తా, నాయన పోయినాడు" అన్నాడు.

హార్ట్ ఎటాక్.

ఆదివారమే కదా మాట్లాడింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయన మామిడికాయల మండీ గుమాస్తాగానే తెలుసు. పోలీసు కావాలని ఎంత పిచ్చి ఉండేదో మీకు తెలియదు.

ఎనభైల మొదట్లో సంగతి. కానిస్టేబుల్ సెలక్షన్‌లో పరుగు దగ్గర పోయింది. ముక్కు లోపల దూలం వంకర, ఒకవైపు గాలి ఆడేది కాదు. తిరుపతిలో ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండు నెలల్లో మళ్లీ సెలక్షన్.

రెండు రోజులు ముక్కు నిండా గుడ్డ కూరి పెట్టారు. నోటితోనే ఊపిరి. పెదాలు పగిలిపోయాయి. ఆ గుడ్డ లాగుతుంటే మూరలకు మూరలు వచ్చింది. అన్న నా చెయ్యి నలిపేశాడు.

తర్వాత రెండువైపులా గాలి పీల్చి నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

నెల రోజులు పరుగులు, బరువులు, మెట్లు వద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు.

నేనేమో ఆపరేషన్ రోజే మొక్కేసుకున్నాను. వారం తిరక్కుండా అన్నను తిరుమల కొండకు నడిపించి తెస్తానని. పద్నాలుగేళ్ల మొండిదాన్ని. వారం దాటితే అన్నకే కీడని ఏడ్చి గోల చేశాను.

"మొక్కినావు గదమే, పోదాం పా. నాయనకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

నిట్టనిలువు మెట్లుండే మోకాళ్ల పర్వతం దగ్గర ముక్కులోంచి రక్తం మొదలైంది. చొక్కా తడిసింది. వెనక్కి పోదామని నేనే అన్నాను. నా మొక్కు తప్పుతుందని పైకే నడిచాడు.

లోపల చీము పట్టింది. మళ్లీ ఆసుపత్రి. ముక్కు దూలం కుంగిపోయింది. సెలక్షన్ నాటికి పది అడుగులు పరిగెత్తినా నోరు తెరుచుకుని రొప్పేవాడు. అంతే, పోలీసు మాట మళ్లీ ఎత్తలేదు.

నాయన అడిగితే, "బస్సు దిగతా జారి పడినా నాయనా" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నాడని నాయన పోయేదాకా తిడుతూనే ఉన్నాడు. అన్న తల వంచుకుని అన్నం తినేవాడు. వడ్డించేది నేనే.

అన్నా, నువ్వు ఏ బస్సు దగ్గరా పడలేదు. నేనే నిన్ను కొండ ఎక్కించాను. నాయన ఉన్నప్పుడు చెప్పాల్సిన మాట ఇది. నీ పిల్లలన్నా చదువుతారని ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

ఊపిరి కోసం కష్టపడింది చాలు.

ప్రశాంతంగా పడుకో అన్నా.